పద్నాలుగు మాటలు

నవంబర్ 2, ఆదివారం

పది కాదు, పద్నాలుగు.

ఇవాళ ఫోన్‌లో "నానమ్మా, నువ్వు పంపిన పది మాటలు బట్టీ పట్టిన" అన్నావు. నేను రాసి పంపినవి పద్నాలుగు. ఎర్ర సిరాతో, రూళ్ల కాగితం మీద, రెండు వైపులా. అంటే నువ్వు కాగితం తిప్పి చూడలేదు. తొమ్మిదో తరగతికి వచ్చినా కాగితానికి రెండో వైపు ఉంటుందని తెలియని మనవణ్ణి, ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మార్తమ్మ టీచర్ స్వయంగా వెతికి వెతికి మడికొండ అవతల మగపిల్లల హాస్టల్ బడిలో చేర్పించింది.

ఈ ముక్క ఫోన్‌లో అనలేదు. ఆదివారానికి పది నిమిషాలిస్తారు, వెనక ఇంకో పిల్లాడు "అయిపోయిందా జీపీ" అని గొణుగుతున్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది నువ్వు చదివేది కాదు. నీతో అనాలనుకుని అననివి ఇందులో పడేస్తే నాకు కడుపుబ్బరం తగ్గుతుంది.

జీపీ అట! మీ తాత పేరు నీకు పెడితే వాళ్లు రెండు అక్షరాలు చేశారు. వాళ్లను నేనేం అనగలను, నేనైతే ఆ రెండూ పలకను. మొగుడి పేరు నోటితో అనకూడదని మా అమ్మ నేర్పింది. అర్థం లేనిదని తెలుసు. అయినా నా క్లాసులో ఆ పేరు గల పిల్లలు ఇద్దరుంటే, హాజరు పిలిచేటప్పుడు వాళ్లను నంబర్లతోనే పిలిచాను: పదకొండు, ఇరవై ఆరు. మీ తాత పోయి ఎనిమిదేళ్లయింది. నువ్వు మాత్రం నాకు ఇంకా 'బిడ్డా'వే. కోపమొస్తే 'ఓ పిలగా'.

అసలు సంగతి రాయలేదు. బడిలో తెలుగు కామెంటరీకి నిన్ను తీసుకున్నారు. ఇంగ్లీషు మైక్ పదో తరగతి పిల్లాడికి, తెలుగు మైక్ నీకు. నేను రాసి పంపిన మాటలు ఆ మైక్‌లో అనడానికే. బాలల దినోత్సవం నాడు హౌస్‌ల మధ్య పరుగు పందేలు. పోయిన నెల వక్తృత్వంలో రెండో బహుమతి, లెక్కల వారపు పరీక్షలో ఇరవైకి పద్దెనిమిది, ఇప్పుడిది. నేనెవరికీ చెప్పలేదు. మీ అమ్మకు, ఆటో పోశయ్యకు, పాలు పోసే పూలమ్మకు, చర్చిలో ముందు రెండు వరుసల వాళ్లకు తప్ప.

ఆ పద్దెనిమిది నా ఘనత కాదట. నీ పక్క మంచం పిల్లాడు, హరికృష్ణ, పొద్దున అయిదింటి స్టడీలో నీకు లెక్కలు చెబుతున్నాడట. పోయిన ఆదివారం నువ్వే చెప్పావు. జీర్ణం కావడానికి రెండు రోజులు పట్టింది.

నవంబర్ 6, గురువారం

మీ అమ్మ అడిగింది. "అత్తమ్మా, వానికి కాగితం మీద ఏం రాసి పంపినవ్?"

"ఆరోగ్యం జాగ్రత్త అని రాసిన" అన్నాను. పద్నాలుగు సార్లు.

నవంబర్ 14, శుక్రవారం

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే రాస్తున్నాను.

పొద్దున ఏడింటికే పోశయ్య ఆటోలో బయల్దేరాను. మీ అమ్మకూ నాన్నకూ దవాఖానలో డ్యూటీ, కాబట్టి ఇంటి తరఫున నేనొక్కదాన్నే. మీ బడి మైదానం చుట్టూ సున్నం గీతలు, ఒక పక్క షామియానా, నాలుగు హౌస్‌ల పిల్లలు నాలుగు రంగుల బనియన్లలో. హౌస్‌లకు చెరువుల పేర్లు పెట్టారు: పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం. నువ్వు పాకాల. ఆకుపచ్చ. ఆ రంగు నీకు నప్పలేదు, చెప్పను.

మైక్‌లో ముందు ఇంగ్లీషు పిల్లాడు అయిదు నిమిషాలు చదివాడు. ఎవరూ వినలేదు. తర్వాత నువ్వు.

హైజంప్‌లో ఘనపురం పిల్లాడొకడు దూకబోయి కర్ర కింద నుంచి పోయాడు. నువ్వు ఆగి, ఒక్క క్షణం ఊరుకుని, అన్నావు: "దీన్ని దూకుడు అనరు బిడ్డా, దండం పెట్టుడు అంటరు." అది నా మూడోది. మైదానం మొత్తం ఘొల్లుమంది. ఆ ఒక్క క్షణం ఊరుకోవడం మాత్రం నేను రాయలేదు, నీదే. రిలేలో ఇద్దరు కర్ర అందుకోలేక నిలబడిపోతే ఆరోది: "కర్ర ఇస్తాండ్రా, పెండ్లి పత్రిక ఇస్తాండ్రా? కూసోని మాట్లాడుకోండ్రి, కుర్చీలు తెప్పిస్తం!" మీ పీటీ భాస్కర్ సార్ ఈల నోట్లో పెట్టుకుని నవ్వాడు. ఈల దానంతటదే మోగింది. పందెం మొదలైందనుకుని నలుగురు ఉరికారు.

నా మాటలు నా నోరు దాటి అంత దూరం ఎప్పుడూ పోలేదు. బళ్లో ఉన్నన్నాళ్లూ నాలుగు గోడల మధ్య నలభై తలలు వంచడానికే పనికొచ్చాయి. ఇవాళ అయిదారు వందల మందిని నవ్వించాయి.

చివరికి పదిహేను వందల మీటర్లు. మీ మైదానానికి అయిదు రౌండ్లు. తొమ్మిదో తరగతి పిల్లలంతా ఏదో ఒక పందెంలో హౌస్ తరఫున ఉరకాల్సిందే అని మీ బడి నియమం. హరికృష్ణను అప్పుడే మొదటిసారి చూశాను. సన్నగా, పొడుగ్గా, మోకాళ్లు లోపలికి. నాలుగో రౌండ్‌కే మిగతావాళ్లకు ఒక రౌండ్ వెనకబడ్డాడు. మూడోవాడు గీత దాటగానే మైక్ ఇంకో ఆటకు పోవడం మీ దగ్గర ఆనవాయితీ. పోయే ముందు నువ్వు ఇది వదిలావు:

"పాకాల హౌస్ హరికృష్ణ! పల్లెకు పోయే బస్సు లెక్క వస్తాండు. ఎప్పుడొస్తదో డ్రైవర్‌కే తెల్వది. ఎక్కేటోళ్లు టిఫిన్ చేసి రండ్రి!"

పదకొండోది! అంటే ఎవరూ చెప్పకుండానే కాగితం తిప్పావు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా పక్కన భుజం మీద తువ్వాల వేసుకున్న పెద్దమనిషి పొలమారేదాకా నవ్వాడు. నా నీళ్ల సీసా ఇచ్చాను. తాగి మళ్లీ నవ్వాడు.

హరికృష్ణ ఎప్పుడు గీత దాటాడో చూడలేదు. అప్పటికే అందరం లాంగ్‌జంప్ వైపు తిరిగాం.

నవంబర్ 15, శనివారం

మట్టెవాడలో కిలో వంకాయలు కొనడానికి గంటన్నర పట్టింది. తప్పు వంకాయలది కాదు, నా నోటిది.

నవంబర్ 18, మంగళవారం

భాస్కర్ సార్ ఫోన్. "మేడమ్, రేపు ఒకసారి రాగలరా? ఫికర్ ఏం లేదు."

ఫికర్ లేదు అన్నారంటే ఉంది. ముప్పై నాలుగేళ్లు తల్లిదండ్రులకు నేనూ అదే చెప్పాను.

నవంబర్ 19, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

భాస్కర్ సార్ టీ తెప్పించాడు. తర్వాత, "హరికృష్ణ ఇంటికి పోయిండు మేడమ్. మొన్న ఆదివారం వాళ్ల తాత వస్తే పెట్టె సర్దుకొని ఆయనతోని పోయిండు. మళ్ల రా అంటే రానంటాండు."

"ఎందుకట?"

"డైనింగ్ హాల్ల ప్లేటు పట్టుకొని వస్తే చాలు, పిల్లలు నోటితోని హారన్ కొడుతాండ్రు. పల్లె బస్సు వచ్చింది, తొవ్వ ఇడువుండ్రి అని. రెండు రోజులు అన్నం తినలే."

"పిల్లలన్నాక నవ్వరా సార్" అన్నాను.

"నవ్వుతరు మేడమ్. నేను గూడ నవ్విన. నా తప్పు నాకున్నది." టీ కప్పు కింద పెట్టాడు. "ఆ మాటలు ఎవలు రాసిచ్చిండ్రని మీ మనవణ్ణి అడిగిన. తొమ్మిదో తరగతి మాటలు కావవి. బాగ ముదిరినయ్."

ముదిరినవట.

"నేనే రాసిన సార్ అన్నడు. కాగితం జేబుల నుంచి కనవడుతాంది. చూపియ్యి అన్న. తీసి నోట్లె పెట్టుకున్నడు."

"ఎవరు?"

"మీ మనవడే మేడమ్. నా ముందట్నే నిలవడి, నమిలి, మింగిండు. నీళ్లు గూడ తాగలే."

తర్వాత తీర్పు చెప్పాడు. డిసెంబర్ ఆరున వార్షిక క్రీడలు. హరికృష్ణ తిరిగొచ్చి, మైక్ జీపీకే ఇవ్వండి అని తన నోటితో చెబితేనే నీకు మైక్. లేకపోతే ఈ బడిలో ఉన్నన్నాళ్లు లేదు. తీర్పులో వంక పెట్టడానికి వెతికాను, దొరకలేదు.

రెండు నిమిషాలు నిన్ను వరండాలోకి పంపారు.

"కడుపు నొస్తాందా?"

"లేదు. సిరా జర చేదున్నది."

"నా పేరు చెప్పొచ్చు గద, ఓ పిలగా."

"నువ్వు టీచర్‌వి గద నానమ్మా. టీచర్‌ను ఎట్ల పట్టిస్త?"

రూళ్ల కాగితం, రెండు వైపులా, పద్నాలుగు మాటలు. మీ తాత నా కోసం అంత చేదు ఎప్పుడూ మింగలేదు. ఆటోలో వస్తూ పోశయ్యకు ఈ ముక్క చెప్పబోయాను. మిగతాది కూడా చెప్పాల్సి వస్తుందని ఆగాను.

భాస్కర్ సార్ నన్నేమీ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

నవంబర్ 20, గురువారం

నిద్ర లేదు. మోకాలు నొప్పి.

నవంబర్ 21, శుక్రవారం

మోకాలే. ఎవరూ నన్ను అడగలేదు కూడా.

నవంబర్ 23, ఆదివారం

నాలుగు నిమిషాలే మాట్లాడావు. మిగతా ఆరు వెనక పిల్లాడికి ఇచ్చేశావు. లెక్కల్లో ఈ వారం పదకొండు. నేను చెబుతాను, పుస్తకం తియ్యి అన్నాను. "పక్క మంచం ఖాళీగ ఉన్నది నానమ్మా" అన్నావు. లెక్కకు అది జవాబు కాదు. అయినా నేను దిద్దలేదు.

ఎందుకో కట్టమ్మ గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతి, వెనక బెంచీ. ఒకసారి బోర్డు దగ్గర భాగహారం రాక నిలబడిపోతే ఏదో అన్నాను. క్లాసంతా నవ్వింది. మరుసటి వారం నుంచి బడికి రాలేదు. పొలం పనుల వల్ల మానేసిందని రిజిస్టర్లో రాశాను. పొలం పనులే అయి ఉంటాయి. నేనేమన్నానో గుర్తు లేదు.

నవంబర్ 25, మంగళవారం

మీ అమ్మతో హనుమకొండలో కళ్ల డాక్టర్ దగ్గరికని చెప్పి హరికృష్ణ వాళ్ల ఊరికి పోయాను. ఊరి పేరు పూలమ్మ చుట్టాల ద్వారా కనుక్కున్నాను.

బస్సు కోసం గంటా యాభై నిమిషాలు నిలబడ్డాను. అది వచ్చేలోపు ఒకటి రద్దయింది. పదకొండో మాట అక్షరాలా నిజం. నిజమైనందుకు నాకేం సంతోషం కలగలేదు.

పత్తి తీసే రోజులు. వాకిట్లో, అరుగు మీద, నడవాలో పత్తి కుప్పలు. కుప్ప వెనక నుంచి తువ్వాల భుజాన వేసుకున్న పెద్దమనిషి లేచాడు.

"నీళ్ల సీస ఇచ్చిన అమ్మ గదా! రాండ్రి, రాండ్రి. ఇటెట్ల వచ్చిండ్రు?"

హరికృష్ణ తాత మొగిలయ్య. ఆయనే. ఆ రోజు పొలమారేదాకా నవ్వినాయన. నాకు కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను. దారంతా తయారుచేసుకున్న వాక్యాలు నాలుగుండేవి. ఒక్కటీ రాలేదు.

"మొగిలన్నా, ఆ బస్సు మాట నాది" అన్నాను. "నా మనవనికి నేనే రాసిచ్చిన."

ఆయన అరుగు మీద పత్తి జరిపి నా ఎదురుగా కూర్చున్నాడు. "అట్లనా టీచరమ్మా. మంచిగనే రాసిండ్రు. మా బస్సు గట్లనే ఉంటది." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పిలగాని కోపం మీ మనవని మీద కాదు. నా మీద. ఆఖరు మలుపు తిరుగుతాంటే నేను ఏడున్ననా అని నా దిక్కు చూసిండట. అప్పుడు నేను నవ్వుతాన్న."

నేను కిందికి జారిన పత్తి ఏరి కుప్ప మీద వేశాను.

హరికృష్ణ లోపల గడప దగ్గర పుస్తకం పెట్టుకుని ఉన్నాడు. మాటలన్నీ విన్నాడు. దగ్గరికి పోయి ఇంకోసారి చెప్పాను, ఆ మాట నాదని. ముప్పై నాలుగేళ్లలో ఒక పిల్లాడి ముందు నిలబడి తప్పు నాది అన్నది ఇదే మొదలు.

"మీరు నన్ను చూసిండ్రా టీచర్?" అన్నాడు. "ఉరికేటప్పుడు."

"ఆఖరి రౌండ్ చూడలే. అటు తిరిగినం."

"ఎవ్వలు చూడలే. నేను ఒక్క కాడ గూడ ఆగలే. అయిదు రౌండ్లల్ల ఒక్క కాడ గూడ. రామప్పోళ్లు ఇద్దరు నడిమిట్ల నడిసిండ్రు. నేను నడువలే."

పేజీలు తిప్పుతున్నట్టు నటిస్తూ అతని నోట్‌బుక్ చూశాను. నేను ఏడు మెట్లలో చేసే లెక్క నాలుగింట్లో చేశాడు. బాగుందని చెప్పాను. రేపు బడికి రా అని కూడా అన్నాను.

"చూస్త" అన్నాడు.

"బస్సుకు ఇంక చానా టైమున్నది టీచరమ్మా, అన్నం తిని పోండ్రి" అన్నాడు మొగిలయ్య. పచ్చిపులుసుతో తిన్నాను.

నవంబర్ 26, బుధవారం

భాస్కర్ సార్‌కు రెండు వాక్యాల ఉత్తరం, పోశయ్య చేతికిచ్చి పంపాను. 'ఆ పద్నాలుగు మాటలు రాసింది నేను. పిల్లవాడు మింగింది నా కాగితం.' నల్ల సిరాతో రాశాను.

కట్టమ్మతో ఏమన్నానో గుర్తు లేదని మొన్న రాశాను. గుర్తుంది.

నవంబర్ 30, ఆదివారం

"హరి వచ్చిండు నానమ్మా! వాళ్ల తాత తోలుకొచ్చిండు. ఇయ్యాల పొద్దుగాల స్టడీకి నాకన్న ముందు లేసిండు!"

"హాల్ల హారన్ కొడుతాండ్రా ఇంకా?"

"ఒకడు కొట్టిండు. నేను పోయి వాని పక్కన ప్లేటు పెట్టుకొని కూసున్న. మళ్ల కొట్టలే."

"మరి మైక్?"

"జీపీకే ఇయ్యుండ్రి అని సార్‌కు చెప్పిండు. కానీ నాకు ఒక షరతు పెట్టిండు."

"ఏంది?"

"ఆ రోజు మైక్ల ఇంటవు."

కొత్త మాటలు రాసి పంపనా అన్నాను. ఎవరినీ పొడవనివి, నవ్వించేవి మాత్రమే. వాక్యం పూర్తికాకముందే "వద్దు నానమ్మా" అన్నావు. మెల్లగానే అన్నావు.

మంచిదే, ఒక పని తగ్గింది. ఎర్ర సిరా కూడా అయిపోవచ్చింది.

సీసా చూశాను. సగానికి పైనే ఉంది.

డిసెంబర్ 6, శనివారం

మీ అమ్మ సెలవు పెట్టింది. మీ నాన్న ఫ్రాన్సిస్‌కు సెలవు దొరకలేదు, మొత్తం ఫోన్‌లో పట్టి పంపమన్నాడు. షామియానాలో నాకు ఒక పక్క మీ అమ్మ, ఇంకో పక్క మొగిలయ్య. ఈసారి తన నీళ్ల సీసా తానే తెచ్చుకున్నాడు.

పొద్దంతా చెవులు రిక్కించి విన్నాను. మూడోది రాలేదు. ఆరోది వాడే సందర్భం రెండుసార్లొచ్చింది, రెండుసార్లూ వదిలేశావు. అయినా జనం నవ్వారు. లక్నవరం పిల్లాడి టోపీ గాలికి పోతే, "టోపీ ఫస్ట్ వచ్చింది, మనిషి వెనుక వస్తాండు" అన్నావు. ఆ పిల్లాడే అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నేను రాసి ఉంటే వాడు నవ్వేవాడు కాదు.

పదిహేను వందల మీటర్లు. మొదటివాడు వచ్చాడు, రెండోవాడు, మూడోవాడు. ఇంగ్లీషు పిల్లాడు మైక్ కట్టేసి డిస్కస్ దగ్గరికి పోయాడు. నువ్వు కట్టలేదు.

"హరికృష్ణ, పాకాల హౌస్. నాలుగో రౌండ్ అయిపోయింది. ఇంక ఒక్కటి. చేతులు కిందికున్నయ్, నోరు మూసుకొని ముక్కుతోని గాలి పీలుస్తాండు. గాలి ఎదురు కొడుతాంది. ఎడమ బూటు లేస్ ఊడింది. వంగలే. ఊడిన లేస్ తోటే ఉరుకుతాండు. నీళ్ల డ్రమ్ము దాటిండు. ఇప్పటిదాక ఒక్క కాడ గూడ ఆగలే, నడువలే. నేను మొదటి రౌండ్ కాన్నుంచి చూస్తాన్న. ఆఖరు మలుపు."

గొంతు పెంచలేదు. గెలిచేవాణ్ణి చెప్పినట్టు చెప్పావు. డిస్కస్ వైపు పోయిన తలలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. మొగిలయ్య ఎప్పుడు లేచాడో, నిలబడి ఉన్నాడు, తువ్వాల రెండు చేతులతో పిండుతూ. ఆఖరి మలుపులో హరికృష్ణ షామియానా వైపు చూశాడు. చూసి, తల తిప్పుకుని, ఉరికాడు. చిట్టచివర వచ్చాడు.

"వచ్చిండు" అన్నావు. అంతే. అప్పుడు మైక్ కట్టేశావు.

నీళ్లు తాగడానికి వచ్చిన హరికృష్ణను అడిగాను, షరతు ఏమిటని. "నేను గీత దాటేదాక మైక్ ఆపద్దు అన్న టీచర్" అన్నాడు. "గంతే."

వెనక వరసలో ఎవరో ఆవిడ నా భుజం తట్టింది. "మైక్ల మాట్లాడింది ఎవల పిలగాడమ్మా?"

"జ్ఞానప్రకాశం" అన్నాను. "నా మనవడు."

మీ అమ్మ ఫోన్ దించి నా వైపు చూసింది. "అత్తమ్మా! పేరు పలికినవ్!"

"నువ్వు వీడియో తియ్యి" అన్నాను.

పద్నాలుగులో ఎన్ని వాడావో లెక్కపెట్టాను. సున్నా. నా సర్వీసులో ఎవరికీ ఇంత సంతోషంగా సున్నా వేయలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

రేపటికి. పోశయ్య తొమ్మిదింటికి మడికొండ వైపు పోతాడు, అంతకుముందే పట్టుకోవాలి. మురుకుల డబ్బాలు రెండు, మూతలు వదులు, గుడ్డ కట్టి ఇవ్వాలి. ఒకటి నీకు, ఒకటి హరికృష్ణకు, హరికృష్ణది పెద్దది. మట్టెవాడ చెప్పుల దుకాణంలో తెల్ల బూటు లేసులు ఒక జత కొనాలి. గుండ్రటివి అంటగట్టబోతాడు, తీసుకోవద్దు, ముడి నిలవదు. పలకగా ఉన్నవి, పొడుగువి. వాటిని హరికృష్ణ డబ్బాలో పైన పెట్టాలి, నూనె అంటకుండా కాగితంలో చుట్టి. తెల్ల కాగితం. ఏమీ రాయకుండా.